బాలనాగమ్మ చేతికి కత్తెందుకు వొదినా

జమ్మలమడుగు
ఆదివారం

వొదినా,

నీ మెసేజ్‌కు ఫోన్‌లోనే జవాబిచ్చి ఉండొచ్చు. కానీ నువ్వడిగింది రెండు ముక్కల్లో తేలేది కాదు. "ఉగాదికి ఇక్కడ అమెరికాలో మా మనబడి తెలుగు క్లాసు పిల్లలతో నాటకం వేయించాల, రాకుమారి కథ రాసిపెట్టు. ఏడుపు రాకుమారి వద్దు. బాలనాగమ్మనే తీసుకో, కత్తి పట్టించి గుర్రమెక్కించు" అంటివి. కథ రాశా, దీంతో పాటే పంపుతున్నా. కత్తి మాత్రం ఇవ్వలేదు. ఎందుకివ్వలేదో చెప్పకపోతే ఫోన్ చేసి కొట్లాడతావు. నీకు రాత్రయ్యేసరికి నాకు బడిగంట కొడతారు. అందుకే ఇదంతా.

ముందు నీ వైపు న్యాయం ఒప్పుకుంటా. మనం చదివిన కథల్లో రాకుమారికి పనేముంది? చందమామ పెట్టిన నాగిరెడ్డి గారు మన కడప జిల్లా మనిషేనని హాస్టల్లో ఎంత గొప్పలు పోయేవాళ్లం! 1947 జూలైలో మొదలైన పత్రిక, మన అమ్మలు కూడా దాంతోనే పెరిగారు. ఎంత ఇష్టమైనా ఒక్క మాట అనక తప్పదు. అందులో రాకుమారి చాలాసార్లు చివరి పేరాలో వచ్చేది. రాజుగారు అర్ధరాజ్యమూ కూతురూ కలిపి ఇచ్చేసేవాడు. మధ్యలో వచ్చిందంటే ఎవడో ఎత్తుకుపోవడానికే. సినిమా అంతకన్నా మేలేం కాదు. 1951లో పాతాళభైరవి వచ్చింది. తీసిన కె.వి. రెడ్డి గారు తాడిపత్రి మనిషి, అదీ మన సీమే. తోట రాముడు గుహలన్నీ తిరిగొచ్చేదాకా రాకుమారి మేడలో ఉండాల, ఆ తర్వాత మాంత్రికుడి చేతిలో ఉండాల. నీ కూతురికి విసుగు పుట్టిందంటే పుట్టదా మరి.

కానీ బాలనాగమ్మను ఆ వరసలో నిలబెడితే నేనొప్పుకోను. నీకు ఆమె ఏడుపే గుర్తుందంటే తప్పు ఆమెది కాదు, మనం కథ తెలుసుకున్న దారిది. 1942 జెమినీ వాళ్ల సినిమాలో కాంచనమాల బాలనాగమ్మ, 1959 సినిమాలో అంజలీదేవి. ఇప్పుడెవర్నయినా అడిగి చూడు, ముందు గోవిందరాజుల సుబ్బారావు మాయల మరాఠీ వేషం గురించో ఎస్వీ రంగారావు గురించో చెప్తారు. మాంత్రికుడు తెరంతా తినేస్తే ఆమెకు మిగిలింది ఒక మూల. బుడగజంగాల వాళ్లు తంబుర మీద రాత్రంతా చెప్పిన కథలోనూ, మా జేజి మిద్దె మీద చెప్పిన కథలోనూ ఆమెకు అంత చిన్న మూల లేదు.

మీ పిల్లలకు చెప్పడానికి వీలుగా కథ క్లుప్తంగా రాస్తా, తెలిసిందే అని దాటేయొద్దు. నవభోజరాజుకు ఏడుగురు కూతుళ్లు, బాలనాగమ్మ అందరికన్నా చిన్నది. కార్యవద్దిరాజుతో పెళ్లయింది, ఉయ్యాల్లో కొడుకు బాలవద్ది. భర్త ఇంట్లో లేనప్పుడు మాయలోడు బిచ్చగాడి వేషంలో గుమ్మం ముందుకొచ్చాడు. బిచ్చం వెయ్యబోతే విభూది చల్లి ఆమెను కుక్కను చేసి వెంట తీసుకుపోయి, తన కోటలో మళ్లీ మనిషిని చేశాడు. వెతుక్కుంటూ వచ్చిన కార్యవద్దినీ, అతని దండునూ రాళ్లు చేసి నిలబెట్టాడు. చంటిబిడ్డను పెద్దమ్మలు పెంచారు.

(కొందరు మాయల ఫకీరు అంటారు, కొందరు మరాఠీ అంటారు. నేను ఉట్టి 'మాయలోడు' అని రాసుకున్నా. మా క్లాసులో దూదేకుల వాళ్ల పిల్లలున్నారు. ఉగాది నాడు దేవుని కడప వెంకన్న గుడికి ముస్లింలు వరసకట్టే జిల్లాలో, అన్ని కులాల వాళ్లూ కడప పెద్ద దర్గాకు పోయే ఊళ్ల మధ్య, దొంగవేషానికి ఒక మతం పేరు తగిలించడం నాకు చేతకాదు. కథకు దానివల్ల పైసా నష్టం రాలేదు.)

ఇప్పుడు చూడు వొదినా. గుట్ట మీద కోట. మనుషులను రాళ్లు చేసేవాడు ఎదురుగా ఉన్నాడు. ఊరిదారి తెలియదు, తోడు లేదు. కత్తి ఉందే అనుకో, ఏం చేస్తుంది? దండు దండే కత్తులు పట్టుకుని వచ్చి రాళ్లయి నిలబడింది కదా కోట ముందర. కత్తి వాడి మీద పనిచెయ్యదని కథే మనకు ముందుగా చూపించింది. అప్పుడామె చేసిన మొదటి పని, గడువు సంపాదించడం. "నాకొక నోముంది, పన్నెండేళ్లు. అది తీరేదాకా నా గది గడప దాటి లోపలికి రావద్దు" అంది. అన్ని మంత్రాలు నేర్చిన వాడు ఆ ఒక్క అబద్ధం దగ్గర బోల్తాపడ్డాడు. పన్నెండేళ్లు అదే మాట మీద వాణ్ని నిలబెట్టడమంటే రోజూ వాడి ముఖం చూసి అబద్ధమాడాలి, రోజూ నమ్మించాలి. గుర్రమెక్కి దూకడం ఒక గంట పని.

రెండోది, ప్రాణం ఎక్కడ పెట్టావని వాణ్నే అడగడం. ఈ ఘట్టం చాలా పుస్తకాల్లో ఒక్క పేరాలో అయిపోతుంది. నేను ఇక్కడే ఎక్కువసేపు కూర్చున్నా. బాలవద్ది పెరిగి, పూలమ్మే తంబళ్ల పెద్దమ్మ ఇంట్లో మనవడినని చెప్పుకుని చేరి, తను కట్టిన దండలో గుర్తు పెట్టి తల్లికి పంపాడు. కొడుకొచ్చాడని తెలిశాక ఆమె మాయలోడితో మాట కలిపింది. నేను రాసిన తీరు ఇది:

"నోము తీరబోతోంది కదా. నువ్వు ముసలివాడివైతే, నీకేమన్నా అయితే నా గతేంది?" అంది బాలనాగమ్మ.

"నాకేమీ కాదు. నా ప్రాణం నా దగ్గర లేదు."

"మరెక్కడుంది?"

మాయలోడు గడ్డం గోక్కున్నాడు. "ఆ గడపలో ఉంది" అన్నాడు.

తెల్లారి లేచేసరికి గడపకు పసుపు పూసి ఉంది. ఏడు చోట్ల కుంకుమబొట్లు. రెండు పక్కలా ముగ్గు, ముగ్గులో గన్నేరు పూలు. మాయలోడు కాలు ఎక్కడ పెట్టాలో తెలియక లోపలే నిలబడిపోయాడు.

"ఇదేంది?"

"నీ ప్రాణముందంటివి కదా. తొక్కుతారా ఎవరైనా?"

వాడు విరగబడి నవ్వాడు. "పిచ్చిదానా, గడపలో కాదులే. ఆ రోకట్లో ఉంది."

మర్నాడు రోకలికి పట్టుచీర కట్టి ఉంది. మెడలో దండ. ముందర పళ్లెంలో బెల్లం ముక్క. వడ్లు దంచడానికి వచ్చిన మనిషి భయపడి వాకిట్లో కూర్చుంది. "దొరా, రోకలికి ఒళ్లు బాగలేదంట, దంచొద్దన్నారు" అంది.

ఈసారి మాయలోడు నవ్వలేదు. రోకలి ముందు చాలాసేపు నిలబడి, బెల్లం ముక్క తీసుకుని నోట్లో వేసుకున్నాడు. వాడి ప్రాణాన్ని పట్టించుకున్నవాళ్లు అంతవరకు ఎవరూ లేరు. "ఏడు సముద్రాల అవతల..." అని మొదలుపెట్టాడు.

ఈ పూజల ఎత్తు నా సొంతం కాదు, నార్వే నుంచి అప్పు తెచ్చుకున్నా. అక్కడ ఆస్బ్యోర్న్‌సెన్, మో అనే ఇద్దరు పల్లెలు తిరిగి పోగుచేసిన కథల్లో ఒంట్లో గుండె లేని రాక్షసుడి కథ ఉంది. వాడి దగ్గర చిక్కిన రాకుమారి గుండె ఎక్కడ దాచావని అడిగితే గడప కింద అంటాడు. ఆమె గడపంతా పూలు పరుస్తుంది. తర్వాత అల్మరా అంటాడు. దానికీ పూలు. మూడోసారి నిజం కక్కుతాడు. సరస్సు, దాంట్లో దీవి, దీవిలో గుడి, గుడిలో బావి, బావిలో బాతు, బాతులో గుడ్డు, ఆ గుడ్డులో గుండె. గడపకు పూలంటే ఇంక నాకు చెప్పాలా? పసుపు డబ్బా తీశా. మనం విశాలాంధ్రలో కొనుక్కున్న రష్యన్ కథల్లో కొషేయ్ గుర్తున్నాడా, చావు సూదిమొనలో దాచుకున్నవాడు? అదీ ఈ కుదురుదే. ఇన్ని దేశాల్లో రాకుమారికి అప్పజెప్పిన పని ఒకటే, వాడి నోటితో వాడి గుట్టు చెప్పించడం. ఆ పని ఏ వీరుడి వల్లా కాదు.

మన బాలనాగమ్మ కథ ఇంగ్లీషులోకి ఎప్పుడో పోయింది, ఇది నీకు కొత్త సంగతి అనుకుంటా. బొంబాయి గవర్నరు కూతురు మేరీ ఫ్రెయర్ 1868లో 'ఓల్డ్ డెక్కన్ డేస్' అని పుస్తకం వేసింది. చెప్పింది ఆమె కాదు, ఆమె దగ్గర పనిచేసే ఆయా అన్నా లిబరాటా డిసౌజా. దొరసాని రాసుకుంది, అంతే. అందులో మొదటి కథ 'పంచ్‌కిన్'. రాకుమారి పేరు బాల్నా, ఏడుగురిలో చిన్నది. భర్త రాయి అవుతాడు, కొడుకు పూలు పట్టుకుని వస్తాడు, మాంత్రికుడి ప్రాణం పచ్చచిలకలో ఉంటుంది. ఆ ఆయా చెప్పిన దాంట్లో ఒక వివరం నాకు బాగా నచ్చి తీసేసుకున్నా. చిలక పంజరం మీద ఆరు నీళ్లకుండలు ఒకదాని మీద ఒకటి ఉంటాయి. అది చదువుతుంటే మా క్లాసులో ఒకడు లేచి అడిగాడు, "ఆ నీళ్లు తాగేటివేనా మేడమ్?" మా ఊరి బోరునీళ్ల సంగతి నీకు తెలుసు కదా. తాగేవే అన్నా. వాడి ముఖంలో మాయలోడి మీద గౌరవం కనిపించింది.

నువ్వు పోయినేడు పంపిన పుస్తకమే తీసి చూడు. రాబర్ట్ మన్ష్ 1980లో రాసిన కాగితం సంచి రాకుమారి. నీ వాదానికి సాక్ష్యంగా పంపావు గానీ అది నా సాక్ష్యం. ఎలిజబెత్ ఆ డ్రాగన్‌ను ఏ ఆయుధంతో కొట్టింది? పొగిడింది. 'ఒక్క ఊదుతో అడవులు తగలబెడతావంట కదా, లోకమంతా గబుక్కున చుట్టొస్తావంట కదా' అన్న తీరులో ఎగదోసి ఎగదోసి, అది అలసిపోయి నిద్రపోయేదాకా ఆడించింది. బాలనాగమ్మకు మనవరాలి వరస అవుతుంది ఆ పిల్ల. చివర్లో తను కాపాడిన రాకుమారుడు తన గుడ్డలు బాగాలేవంటే వాణ్నే వద్దనుకుని పోతుంది చూడు, అక్కడ మాత్రం అవ్వను మించిపోయింది.

అన్నట్టు మన కార్యవద్దిని ఏం చెయ్యాలో నాకు చాలాసేపు తోచలేదు. పన్నెండేళ్లు రాయిగా ఉండి లేచినవాడు ఏమంటాడు? పాత కథల్లో ఈ చోట భర్తలకు అనుమానాలు పుట్టుకొస్తాయి. దాన్ని నేను కొట్టేశా, పిల్లలకనే కాదు, నాకే అసహ్యం. నా కథలో లేచి ఆవులించి, "ఇంత పొద్దుపోయిందా, గుర్రాలకు నీళ్లు పెట్టినారా?" అంటాడు. దానికి మా ఐదో తరగతి ఆడపిల్ల ఒకతి ఇచ్చిన తీర్పు విను: "ఆయమ్మేమో పన్నెండేండ్లు కష్టపడె. ఆయప్పేమో నిద్రపోయి లేసె." నేను దానికి ఒక్క అక్షరం కలపదల్చుకోలేదు.

మా పిల్లలకు ముందు చదివి వినిపించాకే నీకు పంపుతున్నా. కర్నూలులో డాక్టర్ ఎం. హరికిషన్ గారు సీమ జానపద కథలను ఇక్కడి మాటల్లోనే పిల్లల పుస్తకాలు చేస్తూ వస్తున్నారు. అవి చదివినప్పటి నుంచీ నాకు ధైర్యం వచ్చింది, "ఏంటికి", "యాడికి" అని రాస్తే ఎర్రగీత కొట్టేవాళ్లెవరూ లేరని. నువ్వు కూడా అవి మార్చొద్దు. అమెరికాలో పుట్టిన పిల్లల నోట "ఏంటికి" వినాలని నా ఆశ.

క్లాసులో పెద్ద గొడవ సముద్రం దగ్గర వచ్చింది. మా పిల్లలు సముద్రం చూడలేదు, ఏడు కాదు కదా ఒకటి కూడా. చూసింది బెలుం గుహలు. కొలిమిగుండ్ల దగ్గరే కదా, బడి నుంచి తీసుకుపోతాం. మూడు కిలోమీటర్లకు పైగా బొరియలు, లోపల పాతాళగంగ. చిలకను అక్కడ దాస్తే సరిపోతుందని మగపిల్లలంతా ఒక్కటై అడిగారు. నాకూ బాగుందనిపించింది. సున్నపురాయి గుహ, చీకటి, కాలికింద నీళ్లు, మాయలోడికి అంతకన్నా ఏం కావాలి?

అప్పుడు వెనక వరసలో ఒక పాప ఒప్పుకోలేదు. వాళ్లమ్మ కువైట్‌లో ఇంటిపనికి పోయింది, ఈ పాప అవ్వ దగ్గర ఉంటుంది. రాయచోటి, రాజంపేట వైపు ఇంటికొకరు పోతారని మనకు తెలుసు, ఇటువైపు కూడా పోతున్నారు. "సముద్రం ఉండాల మేడమ్. లేకుంటే వాళ్లమ్మ నడ్సుకోనైనా వచ్చేస్తాది గదా" అంది. ఇంకొకడు అందుకున్నాడు, "మాయలోడు ఆయమ్మ పాస్‌పోర్టు తీసి పెట్టుకున్నాడా మేడమ్?" ఎక్కడ విన్నాడో, ఇంట్లోనే విని ఉంటాడు. కథ ఎప్పుడూ కొడుకుతో పాటు నడిచి మాయలోడి కోటకు పోతుంది. పెద్దమ్మల ఇంట్లో అన్నం తింటూ ఎదురుచూసిన పిల్లోడి పన్నెండేళ్లు ఎవరూ చెప్పరు. ఆ పాప అడిగాక నేను ఒక పేజీ కొత్తగా కలిపా: బాలవద్ది పెద్దమ్మల చేత రోజూ అమ్మ సంగతులు చెప్పించుకోవడం, ఆరుగురు ఆరు రకాలుగా చెప్పడం, ఒకామె ఎర్రగా ఉండేదంటే ఒకామె చామనఛాయ అనడం. మీ నాటకంలో దీనికి సమయం చాలకపోయినా రాసిన కథలో ఉండనీ. సముద్రాలు ఏడూ ఉంచేశా, ఒక్కటీ తగ్గించలేదు.

చిలక బదులు కలివికోడిని పెడదామా అని నేనే ఒక ఆశ చూపించా. మన లంకమల పిట్ట కదా. 1900 తర్వాత ఎవరికీ కనపడక పోయిందనుకున్నది, 1986లో మళ్లీ దొరికింది. ఎనభై ఆరేళ్లు లోకమంతటినీ ఏమార్చిన పిట్ట, ప్రాణం దాచుకోవడానికి అంతకన్నా మంచి చోటుందా? పిల్లలు ఒప్పుకోలేదు. "అవి ఎన్నున్నాయో ఏమో, చంపుతారా మేడమ్?" అన్నారు. మరి చిలకను చంపొచ్చా అంటే, "అది చిలక కాదు, వాడి ప్రాణం" అని గట్టిగా చెప్పారు. పిల్లల కథలో రెక్కలు విరవడమేమిటని నీకూ అక్కడి తల్లిదండ్రులకూ మనసొప్పకపోవచ్చు. నేను ఉంచాను. బాలవద్ది మొదట చిలకను చేతిలో పట్టుకుని రాళ్లనన్నింటినీ మనుషులను చేయిస్తాడు, ఆ తర్వాతే రెక్క మీద చెయ్యి వేస్తాడు. ఆ వరస తారుమారు చెయ్యొద్దు, బేరం ముందు, కోపం తర్వాత. ఒక రెక్క విరిగితే మాయలోడి చెయ్యి పడిపోతుంది, కాలు విరిగితే కాలు. మాయలోడి వేషం వేసే పిల్లోడికి అంతకన్నా పండగ ఉండదు.

నాటకం సంగతి. స్టేజీ మాయలు ఎట్లా చెయ్యాలని అడిగావు. ఈ విద్యకు పుట్టినిల్లే మన జిల్లా కదా, చక్రాయపేట దగ్గర సురభి. 1885లో అక్కడ ఒక పెళ్లిలో వనారస గోవిందరావు వాళ్లు కీచకవధ ఆడారు, ఆ ఊరి పేరే సురభి కంపెనీలన్నింటికీ వచ్చింది. ఊళ్లల్లో మగవాళ్లు ఆడవేషం కట్టే కాలంలోనే సురభి ఇళ్లల్లో ఆడవాళ్లు ముఖానికి రంగేసుకున్నారు. వాళ్ల బాలనాగమ్మలో మంటలు, పొగ, తీగల మీద గాల్లో పోవడాలు అన్నీ ఉంటాయి. మీ కమ్యూనిటీ హాల్లో మంటలు పెడితే ఫైరింజన్ వస్తుంది గానీ, కుక్కగా మారే చోట వాళ్లలాగే పొగ ఒక్కటి చాలు. పౌడరు ఒక గుప్పెడు ఎగరేసి, దీపం ఆర్పి, ఆ చీకట్లో పిల్లను తప్పించి మీ బొచ్చుకుక్కను వదలండి. అది అరిస్తే ఇంకా మంచిది.

రాళ్ల వేషాలకు పొట్టి పిల్లల్ని పెట్టు. మాటలు లేవని వాళ్ల అమ్మానాన్నలు అలుగుతారు, అందుకే లేచేటప్పుడు ఒక్కొక్కరికి ఒక్కొక్క మాట రాశా: ఒకడికి ఆకలి, ఒకడికి దురద, ఒకడికి చెప్పులు కనపడవు. కత్తి ఇప్పటికే కొనేసి ఉంటే కార్యవద్దికివ్వు, రాయిగా నిలబడేటప్పుడు పట్టుకోవడానికి ఏదో ఒకటి ఉండాల కదా. బాలనాగమ్మ వేషం నీ కూతురికే ఇస్తావని తెలుసు. అబద్ధం నవ్వకుండా చెప్పడం నేర్పించు, మొత్తం వేషం అక్కడే ఉంది.

రోకలి ఉందా మీ దగ్గర? అట్టతో చెయ్యొద్దు, పట్టుచీర బరువుకు వంగిపోతుంది. అక్కడి తెలుగు వాళ్లలో ఎవరి అత్తగారో ఒకావిడ ఊరి నుంచి మోసుకొచ్చి ఉంటుంది, అడిగి చూడు. దొరక్కపోతే బేస్‌బాల్ బ్యాటుకు చీర చుట్టెయ్యండి, వెనక వరసల వాళ్లకు తేడా తెలియదు. పసుపు మాత్రం అసలైనదే పెట్టు.

నీ వొదిన